పెద్ద టెక్ కంపెనీల సాఫ్ట్‌వేర్ కొలువు: ఆఫర్ లెటర్ నుంచి మొదటి ప్రమోషన్ దాకా ఎట్ల నడుపుకోవాలె

ఇంటర్వ్యూ ఎట్ల కొట్టాలె అని చెప్పేటోళ్లు యూట్యూబ్ నిండ ఉన్నరు, అమీర్‌పేటల గల్లికొకరు ఉన్నరు. కొట్టినంక ఏం చెయ్యాలెనో ఎవ్వరు చెప్పరు. అందుకే నల్లగొండల ఇంజనీరింగ్ చదివిన మా జూనియర్లు, జడ్చర్ల వనపర్తి దిక్కు సోపతిగాళ్ల తమ్ముళ్లు చెల్లెండ్లు, చేరిన మూడో నెలల నాకు ఫోన్ చేస్తుంటరు, అందరిది ఒక్కటే మాట, "అన్నా పొద్దంత కూసుంటున్న గాని ఏం చేస్తున్ననో నాకే అర్థమైతలేదు" అని. నేను గూడ గట్లనే ఉంటి. మాది నల్లగొండ నుంచి మునుగోడు పోయే దారిల ఒక ఊరు, ఎల్బీనగర్‌ల బస్సు దిగి గచ్చిబౌలి చేరి పదేండ్లు దాటింది, మూడు కంపెనీలు చూసిన, ఒకటి చిన్నది, రెండు బాగ పెద్దవి.

ఇక్కడ రాసేది ఆ పెద్ద ప్రోడక్ట్ కంపెనీల సంగతి, అంటే సొంత సాఫ్ట్‌వేర్ తయారు చేసుకునేటియి. మైక్రోసాఫ్ట్ హైదరాబాద్‌కు 1998లనే వచ్చింది, సైబర్ టవర్స్ తెరిచింది గూడ ఆ ఏడే. అమెజాన్ నానక్‌రాంగూడల పెద్ద క్యాంపస్ తెరిచింది 2019ల. అంటే మనకు ఇది నార్కట్‌పల్లి నుంచి రెండు రెండున్నర గంటల దూరంల ఉన్న కొలువు. ఇన్నేండ్లల్ల నేను చూసిందేందంటే, మన దిక్కు పిల్లలు పని రాక దెబ్బ తిన్నది తక్కువ, నోరు విప్పక, చేసింది రాసి పెట్టక దెబ్బ తిన్నదే ఎక్కువ. కింద ఏ మెట్టు తీసుకున్నా ఇదే మళ్ల మళ్ల వస్తది, విసుక్కోకండి.

చేరక ముందు: కాయితాలు, జీతం, రూము

ఆఫర్ వచ్చిన్నే ఫేస్‌బుక్‌ల పెట్టుడు తర్వాత, ముందుగాల నీ పేరు చూసుకో. టెన్త్ మెమోల ఇంటిపేరు ముందట, ఆధార్‌ల వెనకాల, పాన్ కార్డుల ఒట్టి అక్షరం, ఇట్ల మూడు తీర్ల ఉంటది మనోళ్లది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేటోళ్లకు ఇది అర్థం కాదు, ఫైలు ఆగుతది. టెన్త్ మెమోల ఎట్లున్నదో అట్లనే పాన్, ఆధార్ మార్పిచ్చుకోండి, నెల ముందే. ఇంకోటి, ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయి రాలేదని చానా కాలేజీలు ఒరిజినల్స్ పట్టుకొని కూసుంటయి. జాయినింగ్ డేట్ దాకా ఆగి అప్పుడు ఉరుకుడు పెట్టుకోకుండ, ఆఫర్ వచ్చిన వారంలనే పోయి ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో తెచ్చుకోండి. చెయ్యని ఉద్యోగం చేసినట్టు పెట్టకండి, పీఎఫ్ యూఏఎన్ నంబర్ల ఏ కంపెనీ ఎన్ని నెలలు కట్టిందో మొత్తం కనవడుతది.

సీటీసీ (కంపెనీ నీ మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) అంకె చూసి ఇంట్ల చెప్పకండి. అండ్ల నెలకు చేతికొచ్చేది బేసిక్, అలవెన్సులే. జాయినింగ్ బోనస్ ఒక్కపారి వచ్చేది, ఏడాది లోపల వదిలేస్తే వాపసు కట్టాలె అని లెటర్‌ల ఒక లైను ఉంటది చూసుకోండి. ఇగ స్టాకు. దాన్ని ఆర్‌ఎస్‌యూ అంటరు, మామూలుగ నాలుగేండ్ల మీద ముక్కలు ముక్కలుగ చేతికొస్తది. అన్ని ముక్కలు ఒక్క తీరు ఉండాలని లేదు, అమెజాన్‌ల చానా ఏండ్లు నడిచిన లెక్క మొదటి ఏడు 5 శాతం, రెండో ఏడు 15, మూడు నాలుగు ఏండ్లల్ల చెరి 40. కాబట్టి మొత్తాన్ని నాలుగుతోటి భాగించి "నా జీతం ఇంత" అనుకుంటే మొదటి ఏడే పరేషాన్ అయితవు.

రూము సంగతి తక్కువ చెప్తా. ఊరి బస్సు ఎల్బీనగర్‌ల దొరుకుతది అని అక్కడనే ఉండి రోజు మెట్రోల రాయదుర్గం దాకా పోవచ్చు, అమీర్‌పేటల రెడ్ లైన్ నుంచి బ్లూ లైన్‌కు మారాలె. నేను చేసిన. ఆర్నెల్లకు పానం పోయింది. మొదటి ఏడాది ఆఫీస్ దగ్గర్లనే ఉండండి, కిరాయి ఎక్కువైనా సరే.

మొదటి నెల: ఒక నోట్‌బుక్ కొనుక్కో

మొదటి వారం కోడ్ రాసుడు ఉండదు. లాప్‌టాప్ సెటప్, పర్మిషన్లు, సెక్యూరిటీ ట్రైనింగ్ వీడియోలు, ఇవే. ఒక్కో పర్మిషన్‌కు ఒక్కో టికెట్ (ఆన్‌లైన్‌ల పెట్టే అర్జీ) ఎయ్యాలె, ఒక్కో టికెట్ రెండు రోజులు. ఇది నీ తప్పు కాదు, అందరికి అంతే. అయితే ఏ టికెట్ ఎప్పుడు ఏసినవు, ఎవరి కాడ ఆగింది, అని నోట్‌బుక్‌ల రాసుకో, రోజు పొద్దుగాల ఒకపారి అడుగు. నేను చేరినప్పుడు ఒక పర్మిషన్ కోసం తొమ్మిది రోజులు గమ్మున కూసున్న, వాళ్లే ఇస్తరులే అని. అది ఇచ్చేటాయిన లీవుల ఉన్నడు. ఎవర్నన్న అడిగితె పది నిమిషాల పని.

సెటప్ డాక్యుమెంట్ అని ఒకటి ఇస్తరు, అండ్ల సగం పాతబడి ఉంటది. నువ్వు తన్లాడి తన్లాడి ఏ కమాండ్ పనిచేసిందో కనిపెట్టినంక ఆ డాక్యుమెంట్ సవరించి పంపు. అదే నీ మొదటి పని అనుకో. చిన్నగ కనవడుతది గాని, కొత్తోని కండ్లకే ఆ తప్పులు కనవడుతయి, ఆరు నెలలైతే నీకు గూడ కనవడయి. టీమ్‌ల నీ పేరు మొదటిపారి మంచిగ వినవడేది గూడ దీంతోనే.

టీమ్‌ల నీకొక బడ్డీని, అంటే కొత్తోనికి దారి చూపే పాత మనిషిని పెడ్తరు. ఆయన తోటి మొదటి వారంలనే మాట్లాడుకోవాలె, రోజు ఏ టైముకు ఒక పదిహేను నిమిషాలు ఇయ్యగలడు అని. ఇంకోటి, "సార్" "మేడమ్" బంద్ పెట్టు. వైస్ ప్రెసిడెంట్ అయినా పేరు పెట్టే పిలుస్తరు ఈడ. మొదటి పది రోజులు నాలుక తిరగదు, పెద్దమనిషిని పేరు పెట్టి పిలిస్తే మనింట్ల చెంప పగులుతది గదా, అలవాటైతది.

కోడ్ చదువుడు: ఒక్క రిక్వెస్ట్ ఎనక పడు

కాలేజీల రాసిన ప్రాజెక్ట్ మొత్తం మన దిమాక్‌ల పడ్తది. ఈడ పట్టది. గూగుల్ వాళ్లు బయట పెట్టిన లెక్క ప్రకారం 2015 నాటికే వాళ్ల ఒక్క కోడ్ గోదాంల 200 కోట్ల లైన్లు ఉన్నయి. అంతా తెలిసిన మనిషి ఏ కంపెనీల ఉండడు, ఇరవై ఏండ్ల సర్వీసు ఉన్నాయినకు గూడ ఆయన ముక్కనే తెలుసు. కాబట్టి మొత్తం అర్థం కాలేదని గాబరా పడుడు వేస్ట్.

ఏం చెయ్యాలె అంటే, మీ టీమ్ నడిపే దాంట్ల ఒక్క పని పట్టుకో. యూజర్ బటన్ నొక్కిన కాడ షురూ చేసి, ఆ రిక్వెస్ట్ ఏ సర్వీస్‌కు (ఒక్కో పని చూసే వేరే వేరే ప్రోగ్రామ్) పోతది, ఆడ ఏ ఫంక్షన్, ఏ డేటాబేస్, మళ్ల వాపసు ఎట్ల వస్తది, ఒక కాయితం మీద గీసుకుంట పో. కాలువ తూము కాడ నుంచి మన మడి దాకా నడుచుకుంట పోయి చూసినట్టు. ఏ గట్టు మీద ఎవరు మలుపుకుంటున్నరో నడిస్తెనే తెలుస్తది, మ్యాపు చూస్తే తెల్వది. లాగ్స్ (ప్రోగ్రామ్ నడుస్తుంటే అది రాసుకునే చిట్టా) చూడు, టెస్ట్ ఒకటి నడిపిచ్చు, కావాలని ఒక లైను చెడగొట్టి ఏ టెస్ట్ పడిపోతదో చూడు. ఏ లైనన్న పిచ్చిగ అనిపిస్తే "ఇదేం కోడ్ రా" అని అనేటందుకు ముందు గిట్‌ల (కోడ్ మార్పులన్ని దాచిపెట్టే టూల్) ఆ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టిన్రో హిస్టరీ చూడు. పదిట్ల ఎనిమిది సార్లు ఆ పిచ్చి లైను ఎనక ఎవరో ఒకరు నిద్ర చెడగొట్టుకున్న రాత్రి ఉంటది.

గీసిన ఆ బొమ్మను బడ్డీకి చూపెట్టి "ఇది కరెక్టేనా" అని అడుగు. రెండు చోట్ల తప్పు అంటడు. ఆ రెండు తప్పులే నీకు నెల రోజుల చదువు.

అడుగుడు: దీని మీదనే అంతా ఉన్నది

ఇంగ్లిష్ సరిగ రాదు, అడిగితె "ఇది గూడ తెల్వదా" అంటరేమో, ఇజ్జత్ పోతదేమో, ఈ మూడింటి కారణంగ మూడు రోజులు ఒక్కనివే కూసొని తల పట్టుకుంటవు. నేను గూడ తెలుగు మీడియంల చదివినోన్నే, మీటింగ్‌ల నా వంతు వచ్చేటప్పటికి గుండె దడదడ కొట్టుకునేది. ఒక్కటి చెప్తా, పెద్ద కంపెనీల యాస ఎవ్వరు పట్టించుకోరు, చైనాయిన యాస వేరే, రష్యాయిన యాస వేరే. మాట గజిబిజిగ ఉంటేనే ఇబ్బంది. చిన్న చిన్న వాక్యాలు మాట్లాడు, అయిపోతది.

నా లెక్క అరగంట. అరగంట నువ్వే కొట్లాడు, రాకపోతే అడుగు. కాకపోతే అడిగే తీరు ఉంటది. చానామంది ఎట్ల పెడ్తరంటే, "హాయ్" అని పెడ్తరు. అంతే. అవతలాయన "హాయ్" అనేదాకా ఆగుతరు. తర్వాత "బిల్డ్ ఫెయిల్ అయితుంది, కొంచెం చూస్తరా" అంటరు. ఏ బిల్డ్, ఏ ఎర్రర్, ఏం చేసినవు, ఏం చెప్పలే. ఆయన మూడు ప్రశ్నలు అడిగి, నువ్వు మూడు జవాబులు చెప్పేటప్పటికి పొద్దుగూకుతది.

ఇట్ల రాయి, నేను తెలుగుల చెప్తున్న, నువ్వు ఇంగ్లిష్‌ల రాసుకో: "పేమెంట్ సర్వీస్ టెస్టులు నా లాప్‌టాప్ మీద నడిపిస్తున్న. ఫలానా టెస్ట్ పడిపోతుంది, ఎర్రర్ కింద పెట్టిన. క్యాష్ (దాచిపెట్టుకున్న పాత డేటా) తీసేసి మళ్ల నడిపిన, అదే ఎర్రర్. నిన్నటి కోడ్ మీద నడిపితే పాస్ అయితుంది, కాబట్టి పొద్దుగాల వచ్చిన ఫలానా మార్పు వల్ల అనుకుంటున్న. అది నిజమేనా, లేకపోతే నా సెటప్‌ల ఏమన్న తప్పా?" ఇది చదివినాయన ఫోన్ల నుంచే ఒక్క లైన్ల జవాబు ఇస్తడు. ఇంకా మంచి సంగతేందంటే, ఇట్ల రాస్తుంటే సగం సార్లు నీకే జవాబు తట్టి పంపే పని ఉండదు.

వీలైనంత వరకు టీమ్ గ్రూప్‌ల అడుగు, ఒక్కనికే పర్సనల్‌గ పెట్టకు. సిగ్గనిపిస్తది, నాకు తెలుసు. గాని నీ అసొంటి ఇంకో ముగ్గురికి అదే డౌట్ ఉంటది, రేపు ఎవరన్న వెతికితే దొరుకుతది.

ఇంత గట్టిగ ఎందుకు చెప్తున్ననంటే, నీ సగం టీమ్ సియాటిల్‌లనో కాలిఫోర్నియాలనో ఉంటది. ఎండకాలం 12 గంటల 30 నిమిషాలు, చలికాలం 13 గంటల 30 నిమిషాలు తేడా. మనం పొద్దుగూకినంక పంపితే వాళ్లు లేసి చూసుకుంటరు, మనం పొద్దుగాల లేసేటప్పటికి జవాబు ఉంటది. అండ్ల ఒక్క ముక్క తక్కువైతే వాళ్లు తిరిగి ఒక ప్రశ్న అడుగుతరు, నీకు ఒక రోజు ఖతం. రెండు ముక్కలు తక్కువైతే రెండు రోజులు. సగం ప్రశ్నలు అడిగి వారం పోగొట్టుకున్నోళ్లను మస్తు చూసిన, వాళ్లే మళ్ల "యూఎస్ టీమ్ రెస్పాండ్ అయితలేదు" అని స్టాండప్‌ల (రోజు జరిగే చిన్న మీటింగ్) చెప్తరు.

కోడ్ పంపుడు, జనాల మీదికి వదులుడు

నీ కోడ్ ఇంకొకరు చూసి ఒప్పుకుంటెనే లోపలికి పోతది. చిన్నగ పంపు. వెయ్యి లైన్లు ఒక్కపారి పంపితే చూసేటాయన పైపైన చూసి సరే అంటడు లేకపోతే వారం పక్కకు పెడ్తడు, రెండూ నీకే నష్టం. నూరు నూటయాభై లైన్లల్ల ఒక్క పని అయ్యేటట్టు ముక్కలు చేసుకో. మీద నాలుగు లైన్లు రాయి, ఏం మార్చిన, ఎందుకు మార్చిన, ఎట్ల పరీక్షించిన, చెడిపోతే ఎట్ల వాపసు తియ్యాలె అని.

నలభై కామెంట్లు వస్తయి మొదట్ల. నాకు మొదటి రివ్యూల వచ్చినయి, ఆ రాత్రి అన్నం తినలే. అవి నీ మీద కాదు, కోడ్ మీద. "నిట్" అని రాస్తే చిన్న సంగతి అన్నట్టు, చేసినా చెయ్యకున్నా నడుస్తది. ఒప్పుకోని కామెంట్ ఉంటే ఎందుకో రెండు లైన్లల్ల రాయి, మూడోసారి గూడ తెగకపోతే కాల్ చేసి మాట్లాడు, రాతల్ల లొల్లి పెట్టుకోకు.

ఇప్పుడు ఏఐ రాసిస్తది గదా అంటరు. రాసిస్తది, నేను గూడ వాడుతున్న. గాని కంపెనీ ఒప్పుకున్న టూల్ తప్ప నీ సొంత అకౌంట్ల కంపెనీ కోడ్ పెట్టకు, ఉద్యోగం పోయే పని అది. రెండోది, నువ్వు పంపిన ప్రతి లైను నీదే. రివ్యూల "ఇదెందుకు" అంటే "ఏఐ ఇచ్చింది" అన్న పిల్లగాన్ని చూసిన, ఆ తర్వాత ఆయన పంపిన ప్రతి కోడ్‌ను జనం భూతద్దం పెట్టి చూసిన్రు.

ఒప్పుకున్నంక అందరి మీదికి ఒక్కపారి వదలకు. ముందు 1 శాతం యూజర్లకు, గ్రాఫులు చూసి 10, తర్వాత 50, తర్వాత అందరికి. ఎరువు కొత్తది తెస్తే మొత్తం చేను మీద చల్లం గదా, ఒక సాలు మీద చూస్తం. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ కంపెనీ అప్‌డేట్ ఒకటి ఇట్ల మెల్లగ కాకుండ ఒక్కపారి అందరికి పోయి 85 లక్షల విండోస్ మిషన్లు నీలం తెర ఏసి కూసున్నయి, ఎయిర్‌పోర్టులల్ల బోర్డింగ్ పాసులు చేతితోటి రాసిచ్చిన్రు. తర్వాత వాళ్లే చెప్పిన్రు, ఇగ నుంచి అంచెలంచెలుగ పంపుతం అని.

ఆన్‌కాల్: రాత్రి మోటర్ డ్యూటీ

వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది 2018 జనవరి 1 నుంచి. అంతకు ముందు మా ఇండ్లల్ల ఎట్లుండేనో మీ నాయినలను అడగండి. త్రీ ఫేజ్ ఒక వారం పగటి పూట, ఇంకో వారం అర్ధరాత్రి. మా నాయిన ఒంటిగంటకు లేసి టార్చిలైట్ పట్టుకొని బోరు కాడికి పోయేటోడు. ఇప్పుడు ఆయన కొడుకు అదే ఒంటిగంటకు లేసి లాప్‌టాప్ తెరుస్తున్నడు. నేను ఫోన్ పట్టుకొని లేస్తే మా అమ్మ "నీది గూడ మోటర్ కొలువేనా బిడ్డా" అన్నది, కాదని ఎట్ల అంటం. ఆన్‌కాల్ అంటే టీమ్‌ల ఒక్కొక్కరు ఒక్కో వారం, సర్వీస్ పడిపోతే ఫోన్ మోగుతది, చెప్పిన నిమిషాల్ల లేసి అందుకోవాలె. నువ్వు లేవకపోతే రెండో మనిషికి పోతది. సాగర్ ఎడమ కాలువ కింద వారబందీ ఉంటది చూడు, వంతు ఎవరిదో వాళ్లదే, నిద్ర పట్టింది అంటే నీళ్లు ఆగవు.

నా సొంత మచ్చ ఒకటి చెప్తా, ఏ కంపెనీలనో అడగకండి. దసరాకు ముందటి శుక్రవారం. ఒక సెట్టింగ్ పాత సర్వీస్ నుంచి కొత్తదానికి మార్చాలె, అవతలి సర్వీస్ జవాబు కోసం ఎంతసేపు ఆగాలె అనేది. పాతదాంట్ల సెకండ్లల్ల రాస్తరు, నేను 30 అని రాసిన. కొత్తదాంట్ల అది మిల్లీసెకండ్లు. చూసినాయన గూడ సరే అన్నడు. మధ్యాహ్నం జనాలు తక్కువ, జవాబులు గూడ 30 మిల్లీసెకండ్ల లోపలనే వస్తున్నయి, గ్రాఫులన్ని పచ్చగున్నయి. బ్యాగు ఏసుకొని ఎల్బీనగర్‌ల బస్సు ఎక్కిన. పంతంగి టోల్‌గేట్ కాడ ఫోన్ మోగింది. సాయంత్రం రద్దీ పెరిగి జవాబు 30 దాటింది, దాటిన ప్రతి కాల్ ఫెయిల్, ఫెయిల్ అయినదాన్ని మా కోడ్ వెంట వెంటనే మళ్ల మూడుసార్లు కొడ్తది, అంటే ఒక్క రిక్వెస్ట్ నాలుగు అయింది, అవతలి సర్వీస్ ఇంకా మెల్లగైంది, ఇంకా ఫెయిల్స్, చక్రం లెక్క. బస్సుల హాట్‌స్పాట్ నిలవడుతలేదు. చిట్యాలల దిగి చాయ్ హోటల్ల బల్ల మీద లాప్‌టాప్ పెట్టిన.

సెట్టింగ్ వాపసు తీసుడు నాలుగు నిమిషాల పని. అయినా సర్వీస్ లేవలే! ఎందుకంటే అప్పటికే కుప్పబడ్డ రిట్రైలు, అంటే ఆ మళ్ల మళ్ల కొట్టే కాల్స్, దాన్ని లేవనిస్తలేవు. ఇది మనోళ్లకు చెప్తే ఒక్క నిమిషంల అర్థమైతది. కరెంటు పోయి వచ్చిన్నే ఆటో స్టార్టర్లు పెట్టిన మోటర్లన్ని ఒక్కపారి షురూ అయితయి, మోటర్ లేసేటప్పుడు నడిచేటప్పటికంటె ఎన్నో రెట్లు ఎక్కువ కరెంటు గుంజుతది, ట్రాన్స్‌ఫార్మర్ ఢాం. మళ్ల దాన్ని నల్లగొండ తీస్కపోయి రిపేర్ చేపిచ్చేదాక పొలం ఎండుడే. మా సర్వీస్ అదే ట్రాన్స్‌ఫార్మర్. రిట్రైలు పూర్తిగ బంద్ పెట్టి, వచ్చే రిక్వెస్టులల్ల సగం గేటు కాడనే ఆపి, మెల్లగ వదిలితే అప్పుడు లేసింది, మొత్తం నలభై అయిదు నిమిషాలు. ఆ తర్వాత రిట్రై రాసే పద్ధతే మార్చినం: మొదటిసారి 1 సెకండ్ ఆగు, తర్వాత 2, తర్వాత 4, తర్వాత 8, దానికి తోడు ఒక్కొక్కరు కొద్దిగ అటు ఇటుగ, అందరు ఒక్క నిమిషానికి రాకుండ. దాన్నే బ్యాకాఫ్, జిట్టర్ అంటరు. ఎనకట ఊర్ల లైన్‌మన్ చెప్పేది గూడ గిదే, "అందరు ఒక్కపారి ఏసుకోకండ్రి, ఒకరు ఏసినంక రెండు నిమిషాలు ఆగి ఇంకొకరు" అని.

దీంట్ల నుంచి ఆన్‌కాల్ వరుస ఇట్ల పెట్టుకో. ఫోన్ మోగిన్నే అందుకొని, ఎంతమందికి దెబ్బ తగులుతుందో చూడు. గ్రూప్‌ల "నేను చూస్తున్న" అని ఒక్క లైను రాయి, దాంతోటి పది మంది గాబరా తగ్గుతది. తర్వాత గత కొన్ని గంటల్ల ఏం మారిందో చూసి, అనుమానం ఉన్నదాన్ని వాపసు తియ్యి. కారణం తర్వాత వెతుక్కోవచ్చు, ఇల్లు అంటుకుంటే అగ్గిపుల్ల ఎవరు గీసిన్రో అడగం గదా. పది పదిహేను నిమిషాలల్ల దారి దొరకకపోతే రెండో మనిషిని లేపు, మొహమాటం వద్దు, వాళ్లకు జీతం ఇచ్చేది దానికి గూడ. పావుగంటకొకపారి ఏం చేసినవో టైముతోటి రాసుకుంట పో.

ఏం చెయ్యాలెనో రాసిన రన్‌బుక్ ముఖ్యమైన పేజీలు, ఫోన్ నంబర్లు వేరే చోట గూడ దాచుకో. 2021 అక్టోబర్ 4న ఫేస్‌బుక్ దాదాపు ఆరు గంటలు పడిపోయినప్పుడు వాళ్ల లోపలి టూల్స్ గూడ దాంతోనే పోయినయి, డేటా సెంటర్ లోపలికి పోయి సరిచేసుడే కష్టమైంది.

మర్నాటి పని పోస్ట్‌మార్టం రాసుడు. దీంట్ల "ఫలానాయన తప్పు చేసిండు" అని రాయరు, తప్పు ఎట్ల జరగగలిగింది అని రాస్తరు. 2017 ఫిబ్రవరి 28న అమెజాన్ ఎస్3ల (కంపెనీల డేటా దాచిపెట్టే సర్వీస్) ఒకాయన కమాండ్ ఒకటి తప్పుగ కొడితే అనుకున్నదానికంటె ఎక్కువ సర్వర్లు తీసేసినట్టైంది, ఇంటర్నెట్ల సగం సైట్లు ఆగినయా అన్నట్టైంది. కంపెనీ బయటికి ఇచ్చిన రిపోర్ట్‌ల మనిషి పేరు లేదు, ఆ టూల్‌ను మార్చిన్రు, సర్వర్లు మెల్లగ మాత్రమే తీసేటట్టు, ఇంత కంటే తక్కువకు పడకుండ ఆపేటట్టు. నా పోస్ట్‌మార్టంల గూడ అంతే, సెట్టింగ్ పేర్లల్లనే మిల్లీసెకండ్ అని కనవడేటట్టు మార్చినం, శుక్రవారం రెండు దాటినంక సెట్టింగులు మార్చుడు బంద్. నా మేనేజర్ ఒక్క మాట అనలే. నాకు మాత్రం ఇప్పటికీ పంతంగి టోల్ రాంగనే ఒకపారి ఫోన్ చూసుకునుడు అలవాటైంది.

మేనేజర్, రేటింగ్, ప్రమోషన్

పాలమూరు కూలీలు దేశం నిండ డ్యాములు కట్టిన్రు, ఆ ముచ్చట మన ముసలోళ్లను అడిగితె చెప్తరు. గుంపు మేస్త్రీ మస్టర్ రాసేటోడు, ఎవడు ఎన్ని తట్టలు మోసిండో కండ్ల ముందటనే కనవడేది. ఈడ మేనేజర్‌కు నీ తట్ట కనవడదు. ఆయన పదిమందిని చూడాలె, సగం రోజు మీటింగులు. నువ్వు నాలుగు రోజులు తన్లాడి ఒక బగ్ పట్టుకుంటే బయటికి మూడు లైన్ల మార్పు కనవడుతది అంతే. కాబట్టి మస్టర్ నువ్వే రాసుకోవాలె.

ప్రతి శుక్రవారం పది నిమిషాలు. ఈ వారం ఏం చేసిన, ఎవరికి పనికొచ్చింది, ఏమన్న అంకె ఉంటే అంకె, లింక్. "పేజీ లోడ్ మెరుగుచేసిన" అని రాస్తే ఎవ్వరికి ఎక్కదు, "900 మిల్లీసెకండ్ల నుంచి 350కి దించిన" అని రాయి. ఇంకొకరికి సాయం చేసింది, డాక్యుమెంట్ రాసింది, కొత్తోళ్లకు నేర్పింది, అన్ని రాయి. మేనేజర్ తోటి వారానికి అరగంట ఒక్కొక్కరుగ మాట్లాడే టైము ఉంటది, అండ్ల టికెట్ల స్టేటస్ చదువకు, అది ఎట్లయినా కనవడుతది. "నేను తర్వాతి మెట్టుకు పోవాలంటే ఏం తక్కువున్నది" అని మూడు నెలలకొకపారి సీదా అడుగు, ఆయన చెప్పింది రాసి ఆయనకే మెసేజ్ పెట్టు. రేటింగ్ టైముకు మేనేజర్లందరు ఒక రూముల కూసొని ఒక్కో పేరు మీద మాట్లాడుకుంటరు, నీ తరఫున మాట్లాడేది ఆయనొక్కడే, ఆయన నోట్ల మాటలు నువ్వు పెట్టినయే ఉండాలె.

కొత్తగ చేరితే లెవెల్ గూగుల్‌ల ఎల్3, అమెజాన్‌ల ఎల్4, మైక్రోసాఫ్ట్‌ల 59. అంకెలు వేరే గాని మెట్టు ఒక్కటే, పెండ్లి సంబంధాలల్ల పోల్చుకోకండి. మొదటి మెట్టుల చెప్పిన పని చేస్తే చాలు. రెండో మెట్టు మనిషి సమస్య ఇస్తే తానే ముక్కలు చేసుకొని పూర్తి చేస్తడు. ప్రమోషన్ ఇచ్చినంక అట్ల చేస్తా అంటే ఇయ్యరు, ముందు ఆర్నెల్లు చేసి చూపెడ్తెనే ఇస్తరు, ఇది అన్యాయం అనిపిస్తది, నాకు ఇప్పటికీ అనిపిస్తది, గాని పద్ధతి అంతే. రేటింగ్ తక్కువొచ్చి పీఐపీ (ఇంత టైముల పని మెరుగుచేసుకో, లేకపోతే కొలువు పోతది అనే హెచ్చరిక) అని కాయితం చేతుల పెడ్తే, అండ్ల పని చేసుకుంటనే బయట ఇంటర్వ్యూలు గూడ మొదలుపెట్టు, సిగ్గుపడే టైము కాదు.

పైసలు: స్టాకు, పన్ను, ప్లాటు

స్టాకు నీ ఖాతాల పడ్డ రోజు దాని ధర ఎంతో అంత నీ జీతంల కలుస్తది, పన్ను కోసం కొన్ని షేర్లు కంపెనీనే అమ్మి కట్టుకుంటది, అందుకే వంద వస్తయనుకుంటే అరవై డెబ్బై కనవడుతయి. తర్వాత నువ్వు అమ్మినప్పుడు పెరిగినదాని మీద మళ్ల పన్ను. అమెరికాల లిస్ట్ అయిన షేర్లు 24 నెలలు దాటినంక అమ్మితే లాంగ్ టర్మ్, 12.5 శాతం.

ఇగ మనోళ్లు ఎక్కువ మర్చిపోయేది ఇది. అమెరికా షేరు ఒక్కటున్నా పన్ను రిటర్న్ ఫారాలల్ల ఐటీఆర్ 1 వెయ్యొద్దు, వేరే ఫారం, ఎక్కువమందికి ఐటీఆర్ 2, అండ్ల షెడ్యూల్ ఎఫ్ఏ అని విదేశీ ఆస్తుల పట్టిక నింపాలె. అమ్మకపోయినా, లాభం రాకపోయినా నింపాలె. దానికి లెక్క జనవరి నుంచి డిసెంబర్ దాకా, మన మార్చి లెక్క కాదు. నింపకపోతే బ్లాక్ మనీ చట్టం కింద నోటీసు రావచ్చు. ఊర్ల రిటర్న్ వేసే మనిషికి ఇది తెల్వకపోవచ్చు, విదేశీ షేర్లు చూసే సీఏను పట్టుకోండి, ఏడాదికొకపారి ఇచ్చే ఫీజు దండగ కాదు.

మొదటి స్టాకు పడంగనే ఊరి నుంచి ఫోన్లు వస్తయి, చౌటుప్పల్ కాడ ప్లాటు ఉన్నది, షాద్‌నగర్ కాడ వెంచర్ ఉన్నది, ఇప్పుడు కొనకపోతే ఎప్పుడు కొంటవురా అని. కొనండి, నేను గూడ కొన్న. గాని ఈఎంఐ పెట్టుకునేటందుకు ముందు ఆరు నెలల ఖర్చు బ్యాంకుల పక్కకు పెట్టుకోండి. 2022 నవంబర్‌ల మెటా (ఫేస్‌బుక్ కంపెనీ) 11,000 మందిని, 2023 జనవరిల గూగుల్ 12,000 మందిని, మైక్రోసాఫ్ట్ 10,000 మందిని తీసేస్తున్నం అని చెప్పినయి. అండ్ల మంచిగ పనిచేసేటోళ్లు లేరా అంటే ఉన్నరు, మస్తు మంది ఉన్నరు. నాయినకు బోరు వేపిచ్చుడు, చెల్లె పెండ్లి, అప్పు తీర్చుడు, ఇవన్ని ఉంటయి మనకు, నాకు తెలుసు, అందుకే ఆ ఆరు నెలలు ఇంకా గట్టిగ చెప్తున్న.

పండుగ వారం

చివరికి ఒక చిన్న చిట్కా, ఏ ట్రైనింగ్‌ల చెప్పరు. ఆన్‌కాల్ షెడ్యూల్ మూడు నెలల ముందే వస్తది. ఆగస్టులనే తెరిచి బతుకమ్మ, దసరా వారం ఎవరిదో చూసుకో. నీదైతే టీమ్‌ల గుంటూరు, భీమవరం దిక్కోళ్లు ఎవరున్నరో చూడు, వాళ్లకు సంక్రాంతి వారం కావాలె, నీకు దసరా వారం కావాలె, ఇద్దరు మార్చుకుంటే ఇద్దరికి సంబురమే. సెప్టెంబర్ దాటినంక అడిగితె ఆయనకు అప్పటికే మన వరంగల్ పిల్లగాడు తగిలి ఉంటడు.